ఉన్నదంతా అందుతుందా?

కొన్న మెమరీకీ, కంప్యూటర్ తనకింత ఉందని ఒప్పుకునే మెమరీకీ ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది. 16 జీబీల ర్యామ్ బిగించిన లినక్స్ సిస్టమ్‌లో టెర్మినల్ తెరిచి ‘ఫ్రీ’ అనే కమాండ్ కొట్టండి. మొత్తం అన్నచోట పదిహేనూ చిల్లర కనిపిస్తుంది. సిస్టమ్ ఓ పూట నడిచాక చూస్తే, ఖాళీ అన్నచోట చాలాసార్లు కొన్ని వందల ఎంబీలకు మించి ఉండదు. మొదటి అంకె చూసినవాళ్లకి ఎవరో కాజేశారనిపిస్తుంది. రెండో అంకె చూసినవాళ్లకి మిగిలిందీ అయిపోవచ్చిందనిపిస్తుంది. సర్వర్ల మధ్యే ఉద్యోగమంతా గడిపిన నన్ను ఈ రెండు ప్రశ్నలూ చాలామంది అడిగారు. అడిగిన ప్రతిసారీ ఇష్టంగానే జవాబు చెప్పాను, ఈ అంకెల వెనక నడిచే కథంటే నాకు అంత ప్రేమ. ఒక వస్తువు మన దగ్గర ఉండటం, అది ఉందని తెలియడం, తెలిసినదాన్ని అందుకోగలగడం, అందినదాన్ని వాడుకోవడం: ఇవి నాలుగూ వేర్వేరు మజిలీలు. బోర్డు మీద బిగించిన ర్యామ్ ఈ నాలుగూ దాటితేనే మనకు మెమరీగా అక్కరకొస్తుంది. లినక్స్ చరిత్రలో ఒక్కో కాలంలో ఒక్కో మజిలీ దగ్గర జనం ఆగిపోయి, దారి వెతుక్కుని ముందుకు కదిలారు.

ఉందని తెలియక ఆగిపోయిన కాలం నాకు బాగా గుర్తు. తొంభైల చివర్లో లినక్స్ మాకు పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీల్లో దొరికేది. ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్‌తో అంత సరుకు దింపుకోవడం అయ్యే పని కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, అదే అందరూ సీటీసీ అనే చోట, 64 ఎంబీ స్టిక్కులు రెండు కొని బోర్డు మీద బిగిస్తే, స్విచ్ వేయగానే, బోర్డులోనే ఉండి అన్నిటికంటే ముందు నడిచే బయోస్ 128 దాకా లెక్కపెట్టి తెరమీద చూపించేది. ఆ తర్వాత లినక్స్ పైకి వచ్చి తనకున్నది 64 అనేది. కళ్లముందు లెక్కపెట్టిన బయోసే లినక్స్ అడిగితే సగం ఎందుకు చెప్తుంది? లినక్స్‌కి గుండెకాయైన కెర్నెల్ ఆ సమాచారం అడిగే పాత పద్ధతిలో, ఒక ఎంబీకి పైన ఎంత మెమరీ ఉందో కేబీల్లో లెక్కగట్టి బయోస్ ఒక 16 బిట్ల రిజిస్టర్‌లో పెట్టి ఇవ్వాలి. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 65,535. అంటే దాదాపు 64 ఎంబీ. అంతకు మించి ఎంత ఉన్నా ఆ నోటితో పలకడం కుదరదు.

అందుకని మనమే చెప్పేవాళ్లం. కెర్నెల్‌ని లేపే లిలో అనే బూట్ లోడర్ దగ్గర ‘మెమ్’ అని రాసి, సమానం గుర్తు పెట్టి, పక్కన 128 ఎం అని కొడితే చాలు, కెర్నెల్ మారు మాట్లాడకుండా నమ్మేది. లేనిది ఉందని 160 చెప్పినా అంతే నమ్మకంతో తీసుకునేది. తీసుకుని, లేని చోట రాయబోయి కాసేపటికి కూలిపోయేది. ఇంత పెద్ద వ్యవస్థ తన ఆస్తి ఎంతో యజమాని నోటిమాట మీద ఒప్పుకోవడం నన్ను అప్పట్లో బాగా కదిలించింది. తర్వాత బయోస్‌లు ఒక్క అంకెకు బదులు ఒక పటమే ఇవ్వడం మొదలుపెట్టాయి: ఫలానా చిరునామా నుంచి ఫలానా చిరునామా దాకా వాడుకో, ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా ముట్టుకోకు, ఈ ముక్కలో నా పట్టికలున్నాయి. ఇవాళ్టికీ లినక్స్ బూట్ సందేశాల్లో దాదాపు మొదట కనబడేది ఆ పటమే. కొత్త సిస్టమ్ ఏది చేతికొచ్చినా నేను ముందు చదివేది కూడా అదే.

ఆ పటంలో చాలా సిస్టమ్‌లలో మొదటి తెగుడు 640 కేబీల దగ్గర పడుతుంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాని 8088 ప్రాసెసర్‌కి ఉన్న చిరునామా తీగలు ఇరవై. వాటితో ఒక్క ఎంబీ వరకే చేరుకోవచ్చు. అందులో కింది 640 కేబీలు ప్రోగ్రాములకిచ్చి, పై 384 కేబీలు డిస్‌ప్లే కార్డుకీ బయోస్‌కీ కేటాయించారు. ఆ గీత గీసి నలభై ఏళ్లు దాటినా, పదహారు జీబీల యంత్రంలోనూ అది చెరిగిపోలేదు. పైగా కొన్ని బయోస్‌లు ఎవరికీ చెప్పకుండా ఆ అడుగు భాగంలో రాస్తుంటాయని తెలిశాక, ఇప్పటి కెర్నెల్ మొదటి ఎంబీ మొత్తాన్నీ ముట్టుకోకుండా పక్కన పెడుతోంది. ఒక్క ఎంబీయే కదా అనుకోవచ్చు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో లినక్స్ రాసిన 386 యంత్రంలో ఉన్న మొత్తం మెమరీ 4 ఎంబీలు.

ఇక అందడం. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే ఇక్కడ జరిగింది ఇంజినీరింగ్ పుస్తకాల్లో ఓ పేరాలో ముగించేంత చిన్నది కాదు.

32 బిట్లతో రాయగల చిరునామాలు 429,49,67,296. బైటుకి ఒక చిరునామా చొప్పున కచ్చితంగా 4 జీబీలు. అయితే చిరునామాలు కావలసింది ర్యామ్‌కి మాత్రమే కాదు. గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, బయోస్ చిప్పు, అన్నింటితోనూ ప్రాసెసర్ చిరునామాల ద్వారానే మాట్లాడుతుంది. వాటికి 4 జీబీ గీతకి కిందున్న చోటే ఇస్తారు. 4 జీబీల ర్యామ్ పెట్టిన యంత్రంలో అరజీబీ నుంచి ఒక జీబీ దాకా ర్యామ్ ఈ పరికరాల చిరునామాల వెనక పడిపోయి ఎవరికీ కనబడకుండా పోయేది. ఉబుంటు సీడీలు ఉచితంగా పోస్టులో ఇంటికొచ్చిన రోజుల్లో, అంటే 2005 నుంచి 2011 లోపు, లినక్స్ వేసుకున్న మన పిల్లల్లో చాలామంది ఈ గోడకి తగులుకున్నారు. నాలుగు పెట్టాం, మూడూ పావే వస్తోందని. చిప్‌సెట్‌కి తెలివి ఉంటే ఆ దాగిపోయిన ముక్కకి 4 జీబీ పైన కొత్త చిరునామాలిచ్చి బయటికి తెస్తుంది. ఇంటెల్ 945 లాంటి కొన్ని చిప్‌సెట్‌లకి ఆ వసతి లేదు. వాటి మీద 64 బిట్ల లినక్స్ వేసినా మూడు జీబీల చిల్లరే. ర్యామ్ ఉంది, దానికి కరెంటు అందుతోంది, అది ఉందని బయోస్‌కి తెలుసు, కానీ పిలవడానికి పేరు లేదు.

ఈ గోడ దాటడానికి దారి చాలా ముందే వేశారు. 1995లో వచ్చిన పెంటియం ప్రో చిరునామా తీగల్ని ముప్పై ఆరుకి పెంచింది. 64 జీబీల దాకా అందుకోవచ్చు. దాన్ని పీఏఈ అంటారు. 2001 జనవరిలో వచ్చిన లినక్స్ 2.4 ఈ 64 జీబీలనీ గుర్తించింది. కథ ఇక్కడ సుఖాంతం కావాలి. కాలేదు. తీగలు పెరిగినా ప్రోగ్రాము చేతిలో ఉన్న పాయింటర్, అంటే చిరునామా రాసుకునే గడి, 32 బిట్లదే. ఏ క్షణంలో చూసినా దాని చూపు నాలుగు జీబీల మేర మించదు. ఆ నాలుగులోనూ మూడు ప్రోగ్రామువి, పైనున్న ఒక్కటి కెర్నెల్‌ది. ఆ ఒక్క జీబీలో ఇతర అవసరాలకి 128 ఎంబీలు తీసేస్తే, కెర్నెల్ నేరుగా ఎప్పుడంటే అప్పుడు ముట్టుకోగల మెమరీ 896 ఎంబీలు. దాన్ని లో మెమరీ అనేవాళ్లు. మిగిలినదంతా హై మెమరీ. అందులో ఏదైనా కావాలంటే కెర్నెల్ దాన్ని తన కిటికీలోకి తాత్కాలికంగా తెచ్చుకుని, పని చూసుకుని వదిలేయాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. కెర్నెల్ మెమరీని 4 కేబీల పేజీలుగా విడగొట్టి చూస్తుంది. ప్రతి పేజీకీ ఒక నమోదు రాసుకుంటుంది: ఇది ఎవరి దగ్గరుంది, ఎంతమంది పంచుకుంటున్నారు, ఇందులో రాసింది డిస్కుకి చేరిందా లేదా. ఆ నమోదులు ఎప్పుడూ చేతికందేలా ఉండాలి, కాబట్టి లో మెమరీలోనే ఉండాలి. 64 జీబీలకి పేజీలు 1,67,77,216. ఒక్కో నమోదుకి తక్కువలో తక్కువ 32 బైట్లనుకున్నా 512 ఎంబీలు. ఉన్నదే 896. అంటే ఎంత మెమరీ ఉందో రాసుకోవడానికే సగానికి పైగా అయిపోయింది. ఇంక ఫైళ్ల పేర్లకీ, నెట్‌వర్క్ కనెక్షన్లకీ, ప్రతి ప్రోగ్రాముకీ కెర్నెల్ ఉంచుకోవలసిన వివరాలకీ మిగిలిన కాస్తలో సర్దుకోవాలి. అది కూడా నిండిందా, మెమరీ అయిపోయిందని కెర్నెల్ ప్రోగ్రాముల్ని చంపడం మొదలుపెట్టేది, పక్కన హై మెమరీలో జీబీలకొద్దీ ఖాళీగా పడి ఉండగానే. నా ఉద్యోగ జీవితంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన దృశ్యం ఇదే. కరువు కాదు. సమృద్ధి ఉంది, ఆ సమృద్ధిని గుర్తుపెట్టుకునే చోటు లేదు. ఎంత ఎక్కువ ర్యామ్ పెడితే అంత తొందరగా కూలే యంత్రాలు నిజంగా ఉండేవి.

దీనికి 2003లో కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ ఒక మార్గం రాశారు. ప్రోగ్రాముకీ కెర్నెల్‌కీ నాలుగు జీబీలు పంచడం మాని, ఎవరి నాలుగు వాళ్లకే ఇచ్చేశారు. కెర్నెల్‌కి ఊపిరాడింది కానీ, ప్రోగ్రాము కెర్నెల్‌ని పలకరించిన ప్రతిసారీ చిరునామాల పట్టిక మొత్తం మార్చుకోవాలి కాబట్టి వేగం తగ్గింది. పీఏఈని టోర్వాల్డ్స్ బహిరంగంగా, చాలా ఘాటుగా విమర్శించారు. నా అనుభవం ఆయన వైపే నిలుస్తుంది. ఉన్న మెమరీ కంటే చూపు మేర విశాలంగా ఉండాలి, మెమరీ పెరిగి చూపు పెరగకపోతే ఎంత నేర్పుగా సర్దినా అతుకులే మిగులుతాయి. 2003 ఏప్రిల్లో ఏఎండీ ఆప్టెరాన్ వచ్చి 64 బిట్ల దారి తెరిచింది. 48 బిట్ల చిరునామాలతో 256 టెరాబైట్లు, 2017లో వచ్చిన 4.14 కెర్నెల్ నుంచి 57 బిట్లతో 128 పెటాబైట్లు. మన ఇళ్లల్లో ఉండే యంత్రాలకి సంబంధించినంతవరకు అందడమనే సమస్య అక్కడితో తీరింది.

మరి ఇప్పుడు కూడా పదహారులో పదిహేనే ఎందుకు? మా అన్నయ్య కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, అదే రాత్రి ఫోన్ చేశాడు.

“బాబాయ్, షాపువాడు మోసం చేశాడంటావా? 16 అని రాసిచ్చాడు, 15.1 చూపిస్తోంది.”

“మోసం కాదురా. బూట్ మెసేజ్‌లు మొత్తం తీసి నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.”

చదివాం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ అది, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంది, దానికోసం బయోస్ ముందే 512 ఎంబీలు తీసి పెట్టింది. ఫర్మ్‌వేర్ పట్టికలు కొంత. కెర్నెల్ తన కోడ్‌కి కొంత. ఆ తర్వాత వచ్చింది 256 ఎంబీల ముక్క. దాని దగ్గర మావాడు ఆగాడు.

“ఇదేంటి బాబాయ్? దీన్ని తగ్గించలేమా?”

అదే నమోదుల పుస్తకం. 16 జీబీలకి 41,94,304 పేజీలు. 64 బిట్ల కెర్నెల్‌లో ఒక్కో పేజీకి 64 బైట్ల నమోదు. గుణిస్తే కచ్చితంగా 256 ఎంబీలు. ఎంత ర్యామ్ కొన్నా అందులో నూటికి ఒకటిన్నర వంతు, ఆ ర్యామ్‌లో ఏది ఎక్కడుందో రాసుకోవడానికే పోతుంది. దీన్ని దుబారా అనడానికి నాకు మనసొప్పదు. ఆ రాత లేకపోతే మిగిలిన తొంభై ఎనిమిదిన్నర వంతులూ ఎవరివో, ఎందుకో తెలియని వట్టి సిలికాన్. రాసుకునే చోటు ఉన్నదాంట్లోంచే తీయాలి, బయటినుంచి ఎవరూ తెచ్చివ్వరు. అయితే దీన్ని కూడా తగ్గించాలని పట్టుబట్టినవాళ్లున్నారు. వేల సర్వర్లు నడిపేవాళ్లకి ఒకటిన్నర శాతమంటే చాలా డబ్బు. 2 ఎంబీల పెద్ద పేజీలు కేటాయించుకునే చోట్ల, ఒకే సంగతిని మళ్లీ మళ్లీ చెప్పే నమోదుల చోటుని తిరిగి వాడకానికి ఇచ్చేసే ఏర్పాటు 2021లో వచ్చిన 5.14 కెర్నెల్లో చేరింది. మావాడికి ఇదంతా చెప్తే, షాపువాడి సంగతి మర్చిపోయి ఆ కోడ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

ఇక రెండో అంకె, ఖాళీ. ఇక్కడే లోకం ఎక్కువగా పొరబడుతుంది.

మన ఆర్టీసీ బస్సులో స్త్రీలకు కేటాయించిన సీట్లుంటాయి. అవి ఖాళీగా ఉంటే మగవాళ్లు కూర్చుంటారు. ఆడవాళ్లు ఎక్కగానే లేచి నిలబడాలి. సీట్లన్నీ నిండి ఉన్నాయని చూసి బస్సులో చోటు లేదని ఎవరూ అనుకోరు, ఎవరు లేస్తారో అందరికీ తెలుసు. లినక్స్‌లో పేజీ క్యాష్ ఇలాగే నడుస్తుంది. డిస్కు నుంచి ఒకసారి చదివిన ఫైలుని కెర్నెల్ పారేయదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌లో కూర్చోబెడుతుంది. మళ్లీ ఎవరైనా అదే అడిగితే డిస్కు దాకా పోకుండా అక్కణ్నుంచే ఇస్తుంది. పెద్ద ఆఫీసు ప్రోగ్రాము మొదటిసారి తెరవడానికి పట్టిన సమయం రెండోసారి పట్టకపోవడానికి కారణం ఇదే. ఎప్పుడైతే ఒక ప్రోగ్రాము తనకి మెమరీ కావాలంటుందో, క్యాష్‌లో కూర్చున్న పేజీ లేచి చోటిస్తుంది. చదివినదే తప్ప మార్చనిదైతే తక్షణం లేస్తుంది. మార్చినదైతే, చేతిలో సామాను ఉన్న ప్రయాణికుడిలాగా, ఆ మార్పుని డిస్కుకి చేర్చి లేవడానికి కాస్త సమయం పడుతుంది. అంతే తేడా.

కాబట్టి ‘ఫ్రీ’లో ఖాళీ అన్న గడి చిన్నదిగా ఉండటం, యంత్రం తన సొమ్ముని చక్కగా వాడుకుంటోందనడానికి గుర్తు. ఏ పనీ చేయకుండా పడి ఉన్న ర్యామ్‌కీ, షాపులో ఉన్న ర్యామ్‌కీ తేడా లేదు. ఇంకా చెప్పాలంటే మన దగ్గరున్నది కరెంటు కూడా తింటుంది. జనం ఆ గడినే చూసి బెదురుతున్నారని గమనించి, కెర్నెల్ డెవలపర్ రిక్ వాన్ రీల్ ఇంకో అంకెని ప్రవేశపెట్టారు. కొత్త ప్రోగ్రాము ఏదైనా వస్తే, పేజీల్ని డిస్కుకి పంపే స్వాప్ జోలికి పోకుండా సుమారు ఎంత మెమరీ ఇవ్వగలమన్న అంచనా అది. 2014లో వచ్చిన 3.14 కెర్నెల్ నుంచి అది ఉంది. ‘ఫ్రీ’లో చివరి గడి అదే. చూడాల్సింది దాన్ని.

అయినా సరే, గంటకోసారి క్యాష్ మొత్తం ఖాళీ చేసే కమాండ్‌ని, వేళకి పనులు నడిపే క్రాన్‌లో పెట్టుకున్న సర్వర్లు నేను చాలా చూశాను. అలా చేసిన ప్రతిసారీ ఆ యంత్రం అంతవరకూ కష్టపడి దగ్గర చేర్చుకున్నదంతా పోగొట్టుకుని, డిస్కు దగ్గరికి మళ్లీ మొదటినుంచీ పరిగెత్తుతుంది. గ్రాఫులో మాత్రం ఖాళీ పెరిగిందని అందంగా గీత లేస్తుంది. ఆ గీత కోసం వాడేవాళ్ల సమయాన్ని బలి పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ భయం సర్వర్ గదుల్లో ఆగలేదు. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది లినక్స్ కెర్నెలే. మా అమ్మ వాట్సాప్ చూసి పెట్టగానే, తెరిచినవన్నీ ఒక్కొక్కటిగా వేలితో పైకి తోసేస్తుంది. ఫోన్ షాపులో అబ్బాయి అలా చేయకపోతే ఫోను బరువెక్కుతుందన్నాడట. ఎదురుగా కూర్చుని చెప్పాను: “అమ్మా, అవి అక్కడ ఉంటే ఫోనుకి కష్టమేం లేదు. చోటు కావాల్సొస్తే అదే చూసుకుని తీసేస్తుంది. నువ్వు తీసేస్తే మళ్లీ తెరిచినప్పుడల్లా మొదటినుంచీ లేపుకు రావాలి, బ్యాటరీ దానికే పోతుంది.” అమ్మ విన్నది. అయినా తోస్తుంది. ర్యామ్ క్లీనర్లని పేరు పెట్టి ఇదే పనిని మీట నొక్కితే చేసే యాప్‌లు కోట్లమంది ఫోన్లలో ఉన్నాయి. నిండుగా ఉండటమంటే ప్రమాదమన్న భావన మనలో ఎంత లోతుగా ఉందో వాటిని చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

నిండిపోవడంలో ప్రమాదం లేదని కాదు. క్యాష్ అంతా లేచి నిలబడ్డాక కూడా ఇంకా అడుగుతుంటే అప్పుడు కష్టం. మొదట్లోనే ఈ ప్రశ్న లినక్స్ ముందుకొచ్చింది. 1991 చివర్లో జర్మనీలో ఒక వినియోగదారుకి ఉన్నది 2 ఎంబీలు. ఆ కాస్తలో కెర్నెల్‌ని కంపైల్ చేసుకోలేకపోయాడు. అతనికోసం క్రిస్మస్ రోజుల్లో కూర్చుని, మెమరీలో పట్టని పేజీల్ని డిస్కుకి పంపి, కావలసినప్పుడు తిరిగి తెచ్చే పద్ధతిని టోర్వాల్డ్స్ రాశారు. మరుసటి నెలలో వచ్చిన 0.12లో అది చేరింది. ఈ ఆలోచన అంతకంటే చాలా పాతది. 1962లో మాంచెస్టర్‌లో ప్రారంభించిన అట్లాస్ కంప్యూటర్‌లో టామ్ కిల్‌బర్న్ బృందం 16 వేల పైచిలుకు పదాలు పట్టే కోర్ మెమరీనీ, 96 వేల పైచిలుకు పట్టే డ్రమ్మునీ కలిపి, ప్రోగ్రాము రాసేవాడికి రెండూ ఒకే మెమరీలా కనిపించేట్టు చేసింది. 

దేన్ని బయటికి పంపాలన్నదే అప్పటినుంచీ ప్రశ్న. 1966లో ఐబీఎంలో లాజ్లో బెలాడీ దీనికి తిరుగులేని జవాబు చూపించారు: అన్నిటికంటే ఆలస్యంగా మళ్లీ అవసరపడే పేజీని పంపు. దానికి భవిష్యత్తు తెలియాలి. ఏ కెర్నెల్‌కీ తెలియదు. గతాన్ని చూసి ఊహించాల్సిందే: ఈమధ్య ముట్టుకున్నదాన్ని మళ్లీ ముట్టుకుంటారని, చాలాసేపట్నుంచి ఎవరూ పలకరించనిది పోయినా ఫరవాలేదని. రెండేళ్ల తర్వాత కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెనింగ్, ప్రతి ప్రోగ్రాముకీ ఏ కాసేపట్లోనైనా నిజంగా కావలసిన కొన్ని పేజీల గుంపు ఉంటుందని, అది మెమరీలో పట్టకపోతే యంత్రం పేజీలు మోయడంతోనే సరిపెట్టుకుని పని చేయడం మానేస్తుందని వివరించారు. స్వాప్‌లో చిక్కుకున్న సిస్టమ్ దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ స్థితి తెలుసు. మౌస్ కదిపితే బాణం గుర్తు అర నిమిషానికి కదులుతుంది. అది కూడా దాటితే కెర్నెల్ ఒక ప్రోగ్రాముని ఎంచి చంపుతుంది. ఎవరిని చంపాలన్న లెక్కని ఇన్నేళ్లలో ఎన్నోసార్లు మార్చి రాశారు. దేన్ని ఉంచాలో, దేన్ని పంపాలో ఊహించే పద్ధతికి 2022 డిసెంబరులో వచ్చిన 6.1 కెర్నెల్‌లో మరో కొత్త రూపం చేరింది. అరవై ఏళ్లుగా తెగని ప్రశ్న మీద ఇంకా ఇంత శ్రద్ధగా పనిచేసేవాళ్లున్నారన్నది నాకు ధైర్యమిస్తుంది.

ఈ ఇరుకులో కూడా కెర్నెల్ చివరిదాకా ఎవరికీ ఇవ్వని కాస్త మెమరీ ఉంటుంది. పేజీని డిస్కుకి పంపాలంటే ఆ పంపే పనికి కూడా కొంత మెమరీ కావాలి. అది కూడా లేకపోతే ఖాళీ చేయడమే ఆగిపోతుంది. అందుకే కొన్ని పదుల ఎంబీలు, యంత్రాన్ని బట్టి అటూఇటూగా, అత్యవసరానికి విడిగా ఉంచుకుంటుంది. ఉన్నదంతా వాడుకోగలదా అన్న ప్రశ్నకి నా జవాబు ఇక్కడ తేలుతుంది. వాడుకోలేదు, వాడుకోకూడదు కూడా. కొంత పరికరాలకి, కొంత నమోదులకి, కొంత ఈ చివరి అవసరానికి పోవాలి. అవి పోగా మిగిలిన ప్రతి పేజీనీ పనిలో పెట్టి ఉంచడానికి లినక్స్ చేసే ప్రయత్నం మాత్రం నిజాయితీ గలది.

నిజానికి ఎంత మిగిలిందన్న ప్రశ్నే సరైనది కాదని నాకు చాలాకాలంగా అనిపించేది. 2018 చివర్లో వచ్చిన 4.20 కెర్నెల్‌లో ఫేస్‌బుక్ ఇంజినీరు యోహానెస్ వైనర్ రాసిన ఒక కొలత చేరినప్పుడు నేను పడ్డ సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మెమరీ దొరకక పనులు ఎంతసేపు ఆగాయో అది చెప్తుంది. ‘సమ్’ అన్న వరుసలో, కనీసం ఒక్క పనైనా మెమరీ కోసం ఎదురుచూసిన సమయం నూటికి ఎంతో ఉంటుంది. ‘ఫుల్’ అన్న వరుసలో, నడవాల్సిన పనులన్నీ ఒకేసారి నిలిచిపోయిన సమయం. గడచిన పది సెకన్లకి, అరవై సెకన్లకి, మూడు వందల సెకన్లకి విడివిడిగా. ర్యామ్ నూటికి తొంభై అయిదు వంతులు నిండి ఉన్నా ఈ రెండు వరుసలూ సున్నా చూపిస్తే ఆ యంత్రం హాయిగా ఉన్నట్టే.

మావాడికి ఈ కొలత కనిపించే ఫైలు ఎక్కడుందో చెప్పి, రోజూ చేసుకునే పనులు చేసుకుంటూ అప్పుడప్పుడు చూడమన్నాను. చాలాకాలం సున్నాలే వచ్చాయి. ఈమధ్య ప్రాజెక్టు కోసం ఆండ్రాయిడ్ స్టూడియో, దానితోపాటు రెండు ఎమ్యులేటర్లు, ఒక వర్చువల్ మెషిన్ కలిపి నడపడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఫోన్ చేసి, ‘ఫుల్’ వరుసలో అరవై సెకన్ల అంకె రెండంకెల్లోకి వెళ్తోందని, బిల్డ్ నడుస్తున్నంతసేపూ కిందికి దిగడం లేదని చదివి వినిపించాడు. రెండో స్లాట్ ఖాళీగా ఉందేమో చూసుకుని, ఇంకో పదహారు కొనుక్కోమన్నాను.